సప్పుడు లేని సర్వర్

"ఈ సర్వర్ ఎప్పుడు జూసినా గది చెడిపోయింది, గిది నడుస్తలేదు అని రాసుడే. అందుకే అది రాసుకునే ఆ లాగ్ ఫైలునే తుడిచేసిన ఆజం భాయ్," అన్నాడు సత్తయ్య, ఇంటికి పట్టిన చెదలు వదిలించినవాడిలా. "వారం సంది సర్వర్ల ఒక్క ఫిర్యాదు లేదు. డిస్కు మాత్రం ఇంకా నిండుతనే ఉన్నది. గదే సమజైతలేదు."

భువనగిరిలో లినక్స్ సర్వర్ ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ సెంటర్ ఆయనది. లినక్స్ అంటే ఏమిటో తెలియాల్సిన ఖర్మ యజమానికి ఎందుకు?

మెకానిక్ ఆజం కీబోర్డు మీద ఏవో నాలుగు ముక్కలు కొట్టి నవ్వాడు. "అది రాసుడు బంద్ చెయ్యలేదన్నా. నువ్వు తుడిచింది ఫైలు పేరే. లోపల్లోపల రాస్తనే ఉన్నది. నీకు కనవడది, డిస్కు మాత్రం నిండుతది."

సత్తయ్య భార్య సుగుణ వెనక ఇంట్లోంచి వచ్చి, రెండు చాయ్‌లు బల్ల మీద పెట్టి, ఒక్క మాటైనా లేకుండా వెళ్ళిపోయింది.

"వదినె పానం మంచిగున్నదా? ఎన్నడొచ్చినా నీ మీద ఏదో ఒక షికాయత్ చెప్పేది."

"దసరా నాడు ఒక్కసారి గట్టిగ ఒర్రిన. గప్పటి సంది ఇంట్ల పూర శాంతే." మీసం దువ్వబోయిన సత్తయ్య చెయ్యి సగంలోనే ఆగింది.

గొంతు తగ్గించి అడిగాడు. "లోపల రాసుకున్నదంతా... మళ్ల చదువొచ్చా?"

"అది నడుస్తున్నంతసేపు చదువొచ్చన్నా. ఒక్కసారి బందైతే ఇగ దొరకది."

సత్తయ్య చాయ్ ముట్టకుండా వంటింటి గడప దాకా వెళ్ళాడు. "సుగుణా, ఏమన్న చెప్పేదున్నదా?"

"ఏం లేదు."

వారం నుంచి సర్వర్ చెబుతున్నదీ అదే. సత్తయ్యకు మొదటిసారి భయమేసింది.