ఒక్క కాపీ

"మళ్లీ వచ్చారా?" అన్నాడు ఢిల్లీరావు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే.

గుమ్మంలో విజయకుమారి నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. కవిటి నుంచి ఆటోలు మారి మారి, పలాసలోని ఆ జీడి పరిశోధన ఆఫీసుకి వస్తూనే ఉంది.

ఉద్దానమంతా తిరిగి కోసుకొచ్చిన జీడాకుల నుంచి తీయించిన జన్యువుల వివరాలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. వాటి బాధ్యత ఢిల్లీరావుది.

"ఒక్క కాపీ ఇవ్వండి సార్. సీడీ నేనే తెచ్చుకున్నాను."

"ఏటి చేస్తారండీ దాంతో?"

"కాండం తొలిచే పురుగు ఏయే చెట్లకి పట్టలేదో నా దగ్గర వివరాలున్నాయండి. మీవీ నావీ కలిపి చూస్తే, ఏ చెట్టు కొమ్మతో అంట్లు కట్టాలో తేలిపోద్ది. తుఫానుకి పోయిన తోటలు ఇంకా బీడుగానే ఉన్నాయి కదా."

కీబోర్డు మీద ఢిల్లీరావు వేళ్లు ఆగిపోయాయి.

ఇంత తెలిసిన మనిషి! చేతికిస్తే తనకంటే ముందే వ్యాసం రాసి అచ్చు వేయించుకోదూ?

"ఏ కంపెనీ పంపిందండీ మిమ్మల్ని?"

"నన్నెవరూ పంపలేదు సార్. సర్కారు సొమ్ముతో చేసినవి, అడిగినవాళ్లకి ఇవ్వాలన్న రూలుంది కదా అని..."

"రూల్సు నాకు సెప్తారా? ఇంకా తప్పులు దిద్దుతున్నాం. అయ్యాక సూద్దాం. ఎల్లండి."

అబద్ధం. తప్పులు దిద్దే పని వేసవిలోనే అయిపోయింది.

ఆమె వాదించలేదు. గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. వాచిన పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. ఉద్దానంలో ఆ వాపు ఎందుకొస్తుందో ఢిల్లీరావుకి తెలియనిది కాదు. ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోమని ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత ఆమె రాలేదు.

ఢిల్లీరావు తన వ్యాసం పూర్తిచేసి పెద్ద పత్రికకి పంపాడు. ఆ పత్రికవాళ్లు ఏ వ్యాసాన్నైనా ఆ పని తెలిసిన ఒకరికి పంపి, వాళ్లు సరేనంటేనే వేస్తారు. చదివిందెవరో రాసినవాడికి చెప్పరు. ఏడాది పడుతుందనుకున్నాడు. వానలు వెళ్లకముందే ఒప్పుకున్నట్టు కబురొచ్చింది.

ఆఫీసులో అందరికీ కోవా పంచాడు. తన ముక్క మాత్రం తినకుండా కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాడు. ఆ వాచిన పాదాలే కళ్లముందు మెదిలాయి.

మర్నాడు పొద్దున్నే సీడీలో అన్నీ ఎక్కించి, బండి మీద కవిటి బయల్దేరాడు. క్షమించమని ఎలా అడగాలో దారంతా మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాడు.

కొబ్బరితోటలో ఇల్లు. విజయకుమారి తమ్ముడు నారాయణరావు ఎదురొచ్చాడు.

"అక్క పోయింది బాబూ. కిడ్నీలు. నెల్లాళ్లయింది."

ఢిల్లీరావు సీడీ చేత్తో పట్టుకునే అరుగు మీద కూర్చున్నాడు.

"ఆవిడ... ఏం చేసేవారు?"

"హైదరాబాదులో సైంటిస్టండి. ఒంట్లో బాగోక మానేసి వచ్చేసింది. పురుగు పట్టని సెట్ల యివరాలు ఎప్పుడో నెట్టులో పెట్టేసింది, ఎవులికి గావాలన్నా తీసుకోమని. ఇంతకీ మీరెవులు?"

"పలాస జీడి ఆఫీసు. ఢిల్లీరావు."

నారాయణరావు మొహం విప్పారింది. అది చూడలేక ఢిల్లీరావు తల దించుకున్నాడు.

"మీరేనా! జీడిసెట్ల జన్యువుల మీద యాసం రాసినోరు?"

"అదింకా అచ్చు కాలేదే! మీకెలా తెలుసు?"

"సదివి సెప్పమని పత్రికోళ్లు పంపింది అక్కకే కదండీ. ఇశాపట్నం ఆసుపత్రిలో రగతం శుద్ధి సేసే మిసను పక్కన పడుకునే అంతా సదివి, తను సెప్తంటే నాసేత రాయించింది, 'మంచి పని సేశాడు, ఆపకుండా ఎంటనే అచ్చెయ్యండి' అని."