దళారీ అత్త

కళ్లజోడు కాడ విరిగిందని దుకాణానికి వచ్చిన ముసలాయనను కళ్లజోళ్లాయన చూడగానే పోల్చుకున్నాడు.

ఒకప్పుడు బడి మేనేజరు. కళ్లు నెత్తికెక్కిన రోజుల్లో ఆయనకు ఎదుటి మనిషి కనిపించేవాడు కాదు. ఇప్పుడు అద్దాలు లేకపోతే గడప కూడా కనిపించడం లేదు.

కూర్చోమని స్టూలు జరిపాడు కళ్లజోళ్లాయన.

లోపల అద్దాలు అరగదీస్తున్న కూతురు చిన్న స్క్రూ ఒకటి పట్టుకుని బయటికి వచ్చింది. కుడికాలు కొంచెం ఈడుస్తుంది, అంతే.

మేనేజరు ఆ నడక వంకే చూశాడు.

"బస్సు పిల్లేనా?"

"ఆ పిల్లే. ఇప్పుడు దుకాణం దానిదే. నేను దాని కింద పనివాణ్ని" అన్నాడు తండ్రి.

నవ్వుతూనే అన్నాడు గాని, ఆ రోజులన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి.

బడి బస్సు కాలువ గట్టు మీదినుంచి దొర్లిపోయింది. డ్రైవరు కునుకు తీశాడు. మిగతా పిల్లలు చిన్న చిన్న దెబ్బలతో బయటపడ్డారు. ఈ పిల్ల కాలు మాత్రం సీటు కింద నలిగిపోయింది. అప్పుడు రెండో తరగతి.

ఆసుపత్రి వార్డులో కిటికీ పక్క మంచం. తల్లి పగలంతా కథలు చెప్పేది. కథలు అయిపోతే చుట్టాల మీద చాడీలు చెప్పేది. పిల్ల నవ్విందంటే ఇద్దరికీ ఆ పూట కడుపు నిండినట్టే.

ఒకనాడు మేనేజరు కాగితం తెచ్చాడు. ఆసుపత్రి ఖర్చంతా బడి పెట్టుకుంటుందట. బడి మీద గాని, డ్రైవరు మీద గాని తమకు ఫిర్యాదు ఏమీ లేదని తల్లిదండ్రులు సంతకం పెడితే చాలట. చదివి ఉంచండి, రేపు వస్తానని వెళ్లాడు.

తండ్రికి అది దేవుడిచ్చిన వరంలా తోచింది.

ఆ సాయంత్రం అతను మందుల కోసం వెళ్లినప్పుడు ఎవరో పెద్దావిడ వచ్చింది. బూడిద రంగు శాలువా, అరిగిన చెప్పులు. పిల్ల మంచం దగ్గర చాలాసేపు ఊరికే నిలబడింది. కట్టు కట్టిన కాలును చూసింది. తర్వాత పిల్ల జుట్టు చిక్కు తీసి జడ వేసింది.

అప్పుడు తల్లివైపు తిరిగింది.

"ఆ కాగితం మీద సంతకం పెట్టకమ్మా."

"నీకెలా తెలుసు కాగితం సంగతి?"

"పెట్టకు. పిల్ల ఎదుగుతుంది, కాలు ఎదగదు. మళ్లీ మళ్లీ ఆపరేషన్లంటారు. అప్పుడు ఎవర్నడుగుతావు? అడిగే హక్కు మీకుంది, వదులుకోకండి. మంచి లాయరును చూసుకోండి."

లాయరు అనగానే తల్లికి ఒళ్లు మండింది. కేసుల కోసం ఆసుపత్రి వరండాల్లో తిరిగే దళారుల గురించి ఆమె విని ఉంది.

"ఏ లాయరు పంపాడు నిన్ను? మా ఏడుపులో నీ వాటా ఎంత?"

పెద్దావిడ మంచం వైపు తిరిగింది. దుప్పటి సర్ది వెళ్లిపోయింది.

తిట్టి పంపినా, ఆ మాట మాత్రం మనసులో పడింది. భర్తకు చెబితే నవ్వాడు. అయినా ఎందుకైనా మంచిదని కాగితం పట్టుకుని ఒక లాయరు దగ్గరికి వెళ్లాడు. నష్టపరిహారం అడిగే హక్కు పిల్లదని, దాని తరఫున అడగవలసినవాళ్లే ముందుగా దాని నోరు కట్టేయబోయారని లాయరు చీవాట్లు పెట్టాడు.

కేసు నడిచింది. ఏళ్లూ పూళ్లూ పట్టింది. చివరికి బడీ, బీమా కంపెనీ దిగివచ్చాయి. డ్రైవరు జైలుకు వెళ్లాడు. పిల్ల ఎదిగినప్పుడల్లా కాలికి ఆపరేషన్ జరిగింది. దేనికీ ఎవరి గుమ్మమూ తొక్కవలసిన పని పడలేదు.

ఆ పెద్దావిడ మాత్రం ఇంట్లో మనిషైపోయింది. 'దళారీ అత్త' అని పేరు పెట్టుకున్నారు. పిల్ల దుప్పటి కప్పుకుని, గొంతు మార్చి "సంతకం పెట్టకమ్మా" అంటే తల్లి పొట్ట పట్టుకుని నవ్వేది. దుకాణంలో కూతురు గట్టిగా బేరమాడితే తండ్రి ఇప్పటికీ "అచ్చం దళారీ అత్తవే" అంటాడు. ఆ చెడ్డ రోజుల్లోంచి వాళ్లు దాచుకున్న తీపి అదొక్కటే.

కాడ బిగించి కళ్లజోడు చేతికిచ్చారు. మేనేజరు లేవలేదు.

"ఒక మాట అడగనా? ఇన్నేళ్లుగా నన్ను తొలుస్తోంది. మీ దగ్గరికి ఒక పెద్దావిడను పంపాను. కాళ్ల మీద పడైనా సరే సంతకం పెట్టించుకు రమ్మన్నాను. ఆవిడ అంత ఏడ్చినా మీకు మనసు కరగలేదా?"

"మా కాళ్ల మీద ఎవరూ పడలేదే" అన్నాడు తండ్రి. "దళారీ మనిషి ఒకావిడ వచ్చింది. పెట్టొద్దని చెప్పి పోయింది."

"శాలువా కప్పుకుని వచ్చిందా?"

"బూడిద రంగుది" అంది కూతురు.

మేనేజరు చేతిలోని కళ్లజోడు బల్ల మీద పెట్టేశాడు.

"ఎంత బతిమాలినా వాళ్లు వినలేదు బాబూ, అని చెప్పింది నాతో."

కూతురు బల్ల దాటి ముందుకొచ్చింది. ఆవిడ ఇల్లు ఎక్కడో చెప్పమంది. ఒక్కసారి చూడాలంది, ఇవాళే వెళతామంది.

"లేదమ్మా. పోయింది. చివరి రోజుల్లో కొడుకును కళ్లారా చూసుకోవడానికైనా నోచుకోలేదు."

"ఏం, కొడుకు రాలేదా?"

"ఎలా వస్తాడు, జైల్లో ఉంటే? ఆ రోజు మీ బస్సు తోలింది ఆవిడ కొడుకే."