ఆఖరింటి అడ్మిషన్

ఇంకొక్కరు చేరితే చాలు, వట్లూరు శివారు సర్కారు బడిలో రెండో టీచరు పోస్టు నిలుస్తుంది. లేకపోతే సుకుమార్ మాస్టారికి కొల్లేరులో పడవెక్కి వెళ్ళే ఏదో లంక బడే గతి. అందుకే ఎండలో కొత్త కాలనీ అంతా తిరిగి, ఆఖరింటి గేటు తీశారు.

వరండాలో ఒకావిడ తలుపుకు చేరగిలబడి, పమిటచెంగుతో విసురుకుంటోంది.

"పిల్లలున్నారాండీ?"

"ఒక పాపండి, జాయ్సీ. మూడో తరగతికొచ్చింది."

మాస్టారు మెట్టు మీదే కూర్చుని మొదలుపెట్టారు. పుస్తకాలు ఊరికే ఇస్తామన్నారు. మధ్యాహ్నం వేడన్నం పెడతామన్నారు. మెయిన్ రోడ్డు కాన్వెంట్లో మెడకు టై కడతారు గానీ బుర్రకేమీ ఎక్కించరన్నారు. ఆవిడ అంతా శ్రద్ధగా విన్నది.

"ఇంగ్లీషెవరు చెబుతారండీ?"

"నేనేనండి. ట్రైనింగయినవాణ్ణి."

"అయితే పాపని రేపు తీసుకొస్తానండి."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "కాసిని మంచినీళ్ళిప్పించండమ్మా."

ఆవిడ పక్కకు జరిగింది. వెనక తలుపుకు తాళం వేలాడుతోంది.

"ఈ ఇల్లు మాది కాదండి. నేనూ వీళ్ళ కోసమే కూర్చున్నాను. ఇందాక మీరు చెప్పిన కాన్వెంట్లో ఇంగ్లీషు టీచర్నండి. ఏ ట్రైనింగూ లేదు. అడ్మిషన్లు తెమ్మని పంపించారు."

ఆవిడే సంచిలోంచి నీళ్ళసీసా తీసి అందించింది.

"మా పాపని మీకిచ్చేశాను కదండీ. ఈ ఇంటి పిల్లాణ్ణి మాత్రం నాకొదిలెయ్యండి."