మనుషులెవరూ చూడరు

ఆమె ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీ కస్టమర్ల ఫోన్లకు జవాబులు చెబుతుంది. ఆ కంపెనీ ఆమె లాప్‌టాప్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టించింది. పని వేళల్లో అది ఉండుండి ఆమెను ఫొటో తీస్తుంది.

"ఎవరో కిటికీలోంచి తొంగి చూస్తున్నట్టుంది సార్. ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టుంటోంది," అని మొదటి వారమే సూపర్‌వైజర్‌తో చెప్పింది.

"ఆ ఫొటోలు మనుషులెవరూ చూడరమ్మా, అంతా మిషనే. చాలా సేఫ్ సాఫ్ట్‌వేర్. దాన్లోకి చీమ కూడా దూరలేదు," అన్నాడాయన.

ఈ రోజు ఆమె పోలీస్ స్టేషన్ వరండాలోంచి ఆయనకు ఫోన్ చేసింది. పెదవి వాచి మాట సరిగా రావడం లేదు.

"సార్, నిన్న మధ్యాహ్నం ఫొటోలు కావాలి. మా ఆయన నన్ను జుట్టు పట్టి కుర్చీలోంచి లాగి కొట్టాడు. వీళ్లు సాక్ష్యం ఏదమ్మా అంటున్నారు. మీ మిషన్ తీసే ఉంటుంది కదా!"



"తీసిందమ్మా. నేను అప్పుడే చూశాను."

"చూశారా?"

"ఆలుమగల గొడవ మనకెందుకులే అని వెంటనే ఆ ఫొటోలు డిలీట్ చేసేశాను. నీ పరువు కూడా చూడాలి కదా. కుర్చీ ఖాళీగా ఉందని మాత్రం రిపోర్టులో రాశాను. అది నా డ్యూటీ."

ఆమెకు తనను కొట్టిన చెయ్యి కన్నా ఆ కళ్లే రోతగా తోచాయి. ఫోన్ చెవి నుంచి దూరంగా జరిపింది.

"అమ్మా, వింటున్నావా?" అన్నాడాయన, ఎంతో ఆపేక్షగా. "ఇప్పుడు కూడా సీట్లో లేవని చూపిస్తోంది."