తల్లి ఎలుగు

ఆ రోజు కూడా మొదటి ఫోన్ పెద్దావిడదే.

“అమ్మాయీ, ఆ తల్లి ఎలుగు పిల్లని నిద్రపుచ్చుతోందా, బస్సులొచ్చే వేళలు చెబుతోందా?”

గొంతు బొంగురు. మాటకీ మాటకీ మధ్య ఆయాసం.

ఫోనెత్తిన అమ్మాయి హెడ్‌ఫోన్ సర్దుకుని నిట్టూర్చింది. టైర్ల కొట్టు మీద రెండు గదుల్లో నడిచే ఆ చిన్న వీడియో యాప్ కంపెనీకి ఎవరు ఫోన్ చేసినా ఎత్తాల్సింది ఆమే. అందుకే ఆఫీసులో ఆమె పేరు ‘హలో’గా స్థిరపడిపోయింది.

రోజంతా హలో అనడమే ఉద్యోగం. గదికి వెళ్తే తనను హలో అని పలకరించే దిక్కు లేదు.

“అది కంప్యూటర్ గొంతమ్మా. ఇప్పుడు బొమ్మల కథలన్నీ అలాగే వస్తున్నాయి.”

“అదే నేననేది. ఊపిరి తీసుకోదేం? ఊపిరి తీసుకోని అమ్మ పక్కన ఏ బిడ్డ పడుకుంటుంది?”

“మీ ఫిర్యాదు రాసుకున్నానమ్మా.”

“నిన్నా రాసుకున్నావుగా!”

హలో మేనేజర్ గదిలోకి తొంగిచూసింది.

“సార్, మళ్ళీ ఆవిడే. తల్లి ఎలుగు గొంతు బాలేదట.”

మేనేజర్ తలెత్తలేదు.

“మన భాష మాట్లాడేవాళ్ళే గుప్పెడు. అందులో డబ్బు కట్టి చూసేవాళ్ళు చిటికెడు. అవతల విదేశీ యాప్ ఏనుగులా వచ్చి కూర్చుంది. ఈ గుప్పెడు మందిని నమ్ముకుని మనుషుల చేత డబ్బింగ్ చెప్పిస్తే మనం బతికి బట్ట కడతామా? ఏదో ఒకటి చెప్పి పెట్టెయ్.”

మర్నాడు పెద్దావిడ ఫిర్యాదు చేయలేదు. బతిమాలింది.

“పోనీ నేనొచ్చి చెప్పనా? నాకేమీ ఇవ్వక్కర్లేదు. పొద్దున పూట గొంతు కాస్త బాగానే పలుకుతుంది. ఒక్క కథ చాలు.”

హలోకి నవ్వొచ్చింది.

“డబ్బింగంటే మనవలకి కథ చెప్పినట్టు కాదమ్మా. అనుభవం కావాలి.”

“ఉందమ్మా, కొంచెం...”

“అందరూ అలాగే అంటారు లెండి.”

“ఈ వారం దాటితే నాకు కుదరదు తల్లీ.”

ఎందుకు కుదరదో హలో అడగలేదు. ఇంకో రెండు ఫోన్లు ఆగి ఉన్నాయి.

“అమ్మా, మీకు దణ్ణం పెడతాను. మళ్ళీ ఫోన్ చేయకండి. మీ వల్ల మిగతావాళ్ళకి లైను దొరకడం లేదు.”

అవతల పెద్దావిడ గొంతు సవరించుకుంది.

“సరేనమ్మా. భోంచేశావా?”

హలో అప్పటికే మీట నొక్కేసింది. ఆ ప్రశ్న మాత్రం చెవిలోనే ఉండిపోయింది. తనను ఎవరైనా ఆ మాట అడిగి ఎన్నాళ్ళయిందో! సాయంత్రం గదిలో కిటికీ దగ్గర నిలబడి రొట్టె తింటుంటే, తిరిగి ఫోన్ చేసి ‘తింటున్నానమ్మా’ అందామా అనిపించింది. అంతలోనే, అలుసిస్తే నెత్తికెక్కుతుందేమో అనుకుని ఊరుకుంది.

పెద్దావిడ మళ్ళీ ఫోన్ చేయలేదు.

ఆ తర్వాత వరసగా పిల్లల తల్లులు ఫోన్లు మొదలుపెట్టారు.

“మా చందా ఆపేయండి. ఆ గొంతు వినబడగానే మా పాప చెవులు మూసుకుంటోంది.”

“మావాడైతే విదేశీ యాప్‌కి అతుక్కుపోయాడు. భాష ఒక్క ముక్క అర్థం కాదు, అయినా అదే కావాలంటాడు.”

“అక్కడైనా మనిషి గొంతుందండీ!”

చివరికి మేనేజరే హలో బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

“పిల్లలు పోతే మనం పోయినట్టే. వాళ్ళు చూస్తేనే పెద్దవాళ్ళు చందా కడతారు. ఎక్కడి నుంచైనా ఒక మనిషి గొంతు పట్టుకురా.”

“పాత డబ్బింగ్ వాళ్ళెవరూ లేరా సార్?”

“ఎక్కడున్నారు? స్టూడియోలు మూతపడ్డాక తలో దారీ పట్టారు. తెర మీద ఏనాడూ వాళ్ళ పేర్లు వేయలేదు. ఎవరినని వెతుకుతాం?”

హలోకి పెద్దావిడ గుర్తొచ్చింది. నంబరు నొక్కింది. ఆ ఫోను మోగుతుంటే, తన వాళ్ళకెవరికో శుభవార్త చెప్పబోతున్నట్టు గుండె కొట్టుకుంది.

ఎత్తింది వేరే గొంతు.

“అత్తయ్య ఫోనండీ. నేను మేనకోడల్ని.”

“ఆవిడకి ఒకసారి ఇస్తారా? మా దగ్గర కథ చెప్పడానికి రమ్మందామని.”

“అత్తయ్య ఇక మాట్లాడలేరండీ.”

“పడుకున్నారా?”

“కాదు. మొన్న ఆపరేషన్ అయింది. గొంతులో గడ్డ. స్వరపేటిక మొత్తం తీసేశారు.”

హలో హెడ్‌ఫోన్‌ని చెవికి గట్టిగా అదుముకుంది.

“మాట పోయేలోపు ఒక్క కథైనా చెప్పి వెళ్తానని మా ప్రాణాలు తీసిందండీ. ఎవరో ఫోన్ చేయొద్దన్నారట. ఆ రోజు నుంచి మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆపరేషన్‌కి ముందు ఆస్పత్రి మంచం మీద కూడా పొద్దున్నే గొంతు సవరించుకునేది పాపం.”

“ఆవిడ... ఇంతకీ ఆవిడ ఏం చేసేవారండీ?”

“అయ్యో, మీరు చిన్నప్పుడు టీవీలో బొమ్మల కథలు చూడలేదా? పిల్లి, కుందేలు, ఏనుగు... మన భాషలో వచ్చిన వాటిలో తల్లి ఏదైనా సరే, గొంతు మాత్రం మా అత్తయ్యదే.”

హలో మెల్లగా హెడ్‌ఫోన్ తీసి, ఒళ్ళో పెట్టుకుంది.

కన్నతల్లి ముఖమైనా ఎరుగక, టీవీలో ఆ బొమ్మల కథలు చూస్తూనే పెరిగిన తనకు, ‘అమ్మ’ అనుకున్నప్పుడల్లా ఇన్నేళ్ళుగా చెవిలో పలికేది తాను మళ్ళీ ఫోన్ చేయొద్దన్న ఆ మనిషి గొంతే.