శ్రుతి దించుకున్న పికిలిపిట్ట

మోదుగులు పూసినన్నాళ్లూ ఆ అడవిలో పక్షులన్నీ పొద్దున్నే వాగు ఒడ్డున చేరి పాటలు వినేవి. పదిహేనేళ్లుగా అక్కడ మొదటి పాట పికిలిపిట్టదే. ఆ ఏడు పైస్వరం అందుకోబోయేసరికి దాని గొంతు జీరపోయింది. కుర్ర గోరింకలు కిసుక్కున నవ్వాయి.

"ఇక చాల్లే అవ్వా! ఆ కొమ్మ మాకు వదిలెయ్," అంది వాటిలో ఒక గోరింక.

పికిలిపిట్టకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట మేత కూడా ముట్టలేదు. మర్నాడు తెల్లారగానే మాత్రం వాగు అవతలికి ఎగిరిపోయి, అదే పాటను కింది శ్రుతిలో మొదలుపెట్టింది. తప్పిన చోటల్లా ఆగి మళ్లీ పాడింది. అలా పది రోజులు గడిచాయి.

పదకొండో రోజున తిరిగొచ్చి తన కొమ్మ మీదే వాలింది.

"మళ్లీ వచ్చావా?" అంది గోరింక.

"వచ్చాను. పైకి వెళ్లలేను కాబట్టి కిందనే పాడతాను, విను."

పాట నిదానంగా సాగింది. నీళ్లు తాగుతున్న జింకలు తలెత్తి అలాగే నిలబడిపోయాయి.

పాట అయ్యాక గోరింక దగ్గరికి జరిగి, "వచ్చే ఏడు కూడా పాడతావా అవ్వా?" అని మెల్లగా అడిగింది.

"పాడతాను. అప్పటికి గొంతు ఇంకా తగ్గితే, శ్రుతి ఇంకాస్త దించుకుంటాను," అంది పికిలిపిట్ట.