చేపల సమ్మతి

చెరువులో చేపలు రోజూ చచ్చి తేలుతున్నాయి. అడుగుకు మునిగి కారణం కనుక్కుంటానంది బుడుబుంగ పిట్ట. అనుమతులిచ్చేది తాబేలు.

"పరిశోధన చేపల మీద కదమ్మా, ముందు వాటి సమ్మతి తే," అంది తాబేలు.

బుడుబుంగ తామరాకు పట్టుకుని తిరిగి, ప్రతి చేప చేతా రెక్క ముద్ర వేయించుకొచ్చింది.

"నిన్ననే నిబంధన మారింది. ఇది పాత ఫారం. కొత్తదాని మీద మళ్లీ వేయించు."

"అప్పటికి సగం పోతాయండీ!"

"నేను రాసిందా అమ్మా? పైనుంచి వచ్చింది."

రెండో ఫారమూ అలాగే పాతబడింది. మూడోది పట్టుకెళ్లేసరికి ముసలి జెల్ల చేప ఒక్కటే మిగిలింది. "ఎక్కడ వేయమంటావు తల్లీ?" అంటూ రెక్క ఎత్తి, అలాగే వెల్లకిలా తిరిగిపోయింది.

బుడుబుంగ ఖాళీ ఆకు తెచ్చి ముందు పెట్టింది. తాబేలు చెరువంతా ఒకసారి చూసి, తీరిగ్గా ముద్ర కొట్టింది.

"ఇక దిగమ్మా. ఇప్పుడు ఎవరి సమ్మతీ అక్కర్లేదు."